కోడి అంటే మరవ

మొన్న ధర్మవరం అబ్బాయి ఒకడు ఫోన్ చేశాడు. సివిల్ ఇంజినీరు, బెంగళూరు వచ్చి ఆరు నెలలైంది. ఉద్యోగం మానేసి నీళ్ల మీద ఇంటర్‌డిసిప్లినరీ పీజీ, అంటే రెండు మూడు శాస్త్రాలు కలిపి చదివే కోర్సు, చేద్దామనుకుంటున్నాడు. "అక్కా, అన్నీ కొంచెం కొంచెం వచ్చి ఏదీ సరిగ్గా రాకుండా పోతానేమో" అన్నాడు. ఆ భయం ఉత్తిది కాదు, నాకూ ఉండేది. ఇలాంటి ఫోన్లు ఏడాదికి నాలుగైదు వస్తాయి కాబట్టి అతనికి చెప్పిందే కాస్త విడమరిచి రాస్తున్నాను.

నాది కదిరి. ఇక్కడికొచ్చిన కొత్తలో ఆరేళ్లు అపార్ట్‌మెంట్లకు సంపుల లెక్కలు వేశాను. ఎన్ని ఫ్లాట్లు, మనిషికి రోజుకు ఎన్ని లీటర్లు, సంపు ఎంత లోతు తవ్వాలి. ఆ సంపులోకి నీళ్లు ఎక్కడి నుంచి వస్తాయని నన్నెవరూ అడగలేదు, నేనూ ఎవర్నీ అడగలేదు. బెంగళూరు సముద్రమట్టానికి 900 మీటర్ల ఎత్తున ఉంది. కావేరి నీళ్లను దాదాపు 100 కిలోమీటర్ల దూరం నుంచి, అర కిలోమీటరు ఎత్తుకు మోటార్లతో ఎక్కించి తెస్తారు. మనం వాడి వదిలేసిన నీళ్లలో కొంత శుద్ధి చేసి 2018 నుంచి కోలార్ జిల్లా చెరువులకు పంపుతున్నారు. ఇది తెలిశాక సంపుల మీద మనసు పోయింది. ఆ కోలార్ చెరువుల్లో నీళ్లు ఎవరికి అందుతున్నాయి, ఎవరికి అందడం లేదు? ఈ ప్రశ్న పట్టుకుని ముప్పై దాటాక మళ్లీ విద్యార్థినయ్యాను.

అందుకే ఫోన్ చేసిన ప్రతివాళ్లనూ ముందు అడిగేది ఒకటే: నీ ప్రశ్న ఏంటి? "నీళ్లంటే ఇష్టం" అనేది ప్రశ్న కాదు. రెండు శాస్త్రాలు ఎందుకు కావాలో ఆ ప్రశ్నే చెప్పాలి. ప్రశ్న లేకుండా చేరితే రెండేళ్లపాటు రకరకాల క్లాసుల్లో కూర్చుని, చివరికి సర్టిఫికెట్‌తో బయటికొస్తారు. అలా వచ్చినవాళ్లు నాకు తెలుసు, వాళ్లేమీ తెలివితక్కువవాళ్లు కారు.

చేరాక మొదటి ఏడాది మాత్రం నరకమే. హైడ్రాలజీ క్లాసులో నేనే ముందుండేదాన్ని. సోషియాలజీ క్లాసులో ఒక వ్యాసం మూడుసార్లు చదివినా బుర్రకెక్కేది కాదు. తోటి విద్యార్థుల్ని చూసి నేనూ పెద్దపెద్ద మాటలు వాడబోయాను, పులిని చూసి నక్క వాతలు పెట్టుకున్నట్టు. ఇద్దరు గైడ్లు ఉండేవారు. ఒకరు "అంకెలేవి?" అనేవారు, ఇంకొకరు "మనుషులేరి?" అనేవారు. ఒకే అధ్యాయాన్ని ఇద్దరూ కొట్టేసిన రోజు బస్టాండుకు వెళ్లి కదిరి బస్సు టైము కూడా కనుక్కున్నాను.

మలుపు క్లాసులో రాలేదు, చెరువు కట్ట మీద వచ్చింది. మెజెస్టిక్‌లో కోలార్ బస్సెక్కి, చేతిలో ప్రశ్నల కాగితం పట్టుకుని ఒక ఊరికి వెళ్లాను. మొదటి ప్రశ్న: రోజుకు పొలానికి ఎన్ని లీటర్ల నీళ్లు వాడతారు? రైతు నవ్వి, "మూడు గంటల కరెంటు" అన్నాడు. అక్కడ నీటి కొలత అదే. నా కాగితంలో ఆ జవాబు రాసుకోవడానికి గడి లేదు. ఇంకొకాయన "కెరె కోడి" చూసి రమ్మన్నాడు. చెరువు తెలుసు, మరి అక్కడ కోడి ఏంటి? కట్ట పొడవునా కోడి కోసం వెతికాను. తీరా చూస్తే చెరువు నిండాక మిగులు నీళ్లు పారే చోటు. మన వైపు మరవ అంటామే, అది. కొత్తగా వచ్చేవాళ్లు కన్నడం నేర్చుకోండి. కోలార్‌లో సగం మందికి తెలుగు వచ్చినా సరే.

ఆ ఊళ్లోనే ఒక నీరుగంటి ముసలాయన దొరికాడు. తూము ఎప్పుడు తీయాలో, ఏ మడికి ఎంతసేపు నీళ్లు వదలాలో చూసుకునేది నీరుగంటి. ఒకప్పుడు మేర, అంటే పంటలో కొంత వాటా, ఇచ్చేవారట. బోర్లు వచ్చాక తూముతో పని పోయింది, మేరా పోయింది. నేను తూము ఎత్తూ వెడల్పూ కొలుచుకుని సంతోషంగా తిరిగొచ్చాను. నా రెండో గైడు మేడమ్ నోట్సు చూసి, "ఈ పని వాళ్ల ఇంటివాళ్లే ఎందుకు చేశారు? నీళ్లు పంచినవాళ్లకు సొంత మడి ఉందా?" అని అడిగారు. మళ్లీ వెళ్లాను. ఊరికంతా నీళ్లు పారించిన దళిత కుటుంబం అది, ఆయకట్టు కింద వాళ్లకున్నది అర ఎకరం కూడా కాదు. మా కదిరి వైపు చెరువుల మీదా నీరుగంట్లు ఉండేవాళ్లు. చిన్నప్పుడు రోజూ చూసిన మనుషులే. ఒక్కసారి కూడా నాకు ఈ ప్రశ్న తట్టలేదు. ఇంజినీరింగ్ నాకు తూము కొలవడం నేర్పింది. ఆ పక్కన నిలబడ్డ మనిషిని చూడటం ముప్పై మూడేళ్లప్పుడు నేర్చుకున్నాను. అలాగని కొలవడం దండగ అనుకోవద్దు. తూము లెక్క నాకు వచ్చు కాబట్టే ముసలాయన నాతో గంటలు గంటలు మాట్లాడాడు. ఒక విద్య చేతిలో గట్టిగా ఉన్నాకే రెండోదాని జోలికి వెళ్లండి.

డబ్బు సంగతి. గేట్ పరీక్ష స్కోరుతో ఎంటెక్‌లో చేరితే నెలకు 12,400 ఇస్తారు. దాంతో బెంగళూరులో హాస్టల్ అద్దె కట్టి ఇరవయ్యో తారీఖుకల్లా ఇంటికి ఫోన్ చేయాలి. పీహెచ్‌డీకి జేఆర్ఎఫ్ అనే ఫెలోషిప్ వస్తే 2023 నుంచి నెలకు 37,000, రెండేళ్ల తర్వాత 42,000. గేట్ స్కోరు మూడేళ్లు చెల్లుతుంది కాబట్టి ఈ ఏడాదే రాజీనామా చేయాలన్న టెన్షన్ వద్దు. ఐఐఎస్సీలో నీటి మీద విడిగా ఒక కేంద్రమే ఉంది, ఏట్రీ అనే బెంగళూరు పరిశోధన సంస్థలో పర్యావరణాన్నీ సమాజాన్నీ కలిపి పీహెచ్‌డీ చేయొచ్చు. చెన్నై వైపు మొగ్గేవాళ్లు ఐఐటీ మద్రాసు చూడండి.

ఎవరూ ముందుగా చెప్పని చిక్కు ఒకటుంది. డిగ్రీ మీద ఏ సబ్జెక్టు పేరు పడుతుందో చేరకముందే అడిగి కనుక్కోండి. లెక్చరర్ పోస్టులకు "సంబంధిత సబ్జెక్టు" అనే మాట ఉంటుంది. చదువయ్యాక మన రాష్ట్రంలోనే ఒక కాలేజీలో అప్లై చేస్తే, సివిల్ వాళ్లు నన్ను సోషల్ సైన్స్ అన్నారు, సోషల్ సైన్స్ వాళ్లు సివిల్ అన్నారు. రెండు పడవల మీద కాళ్లు పెట్టిన ఫలితం. ఏడ్చాను, ఒప్పుకుంటాను. ఇప్పుడు చెరువుల పునరుద్ధరణ చేసే ఒక చిన్న సంస్థలో ఉన్నాను. ఇంటర్వ్యూలో డిగ్రీ పేరు అడగలేదు, కోలార్‌లో గీసిన పటం ఒక్కటి చూశారు. జీతం సంపుల రోజులకన్నా కాస్త తక్కువే. మా అమ్మ ఇప్పటికీ చుట్టాలకు "ఇంజినీరే" అని చెబుతుంది, నేనూ కాదనను.

ధర్మవరం అబ్బాయికి ఇంకా అనుమానం తీరలేదు. రాజీనామా కాగితం పక్కన పెట్టి, వచ్చే ఆదివారం నాతో కోలార్ రమ్మన్నాను. ఆరున్నరకల్లా మెజెస్టిక్‌లో ఉండమన్నాను. టోపీ తెచ్చుకోమని కూడా చెప్పాను, కట్ట మీద నీడ ఉండదు.