పెరట్లో గచ్చు ఎంత, మట్టి ఎంత? ఒకే ఇంటి నుంచి మూడు ఉత్తరాలు

ఈసారి ఖమ్మం నుంచి ఒకే కవర్లో మూడు ఉత్తరాలు వచ్చాయి. ఇల్లాలిది ఒకటి, ఆయనది ఒకటి, నాలుగో తరగతి చదివే వాళ్ల పాపది ఒకటి. మూడూ ఒకే పెరడు గురించి, అందుకే మిగతా ప్రశ్నలు పక్కన పెట్టి పేజీ అంతా వీళ్లకే ఇస్తున్నా, ఏమనుకోకండి.

ప్రశ్న: నమస్తే అక్కా. మా ఇంటి వెనక 30 అడుగుల పొడవు, 18 అడుగుల వెడల్పు ఖాళీ జాగా ఉంది. ఒక వేపచెట్టు, కరివేపాకు, మా అత్తమ్మ పెట్టిన మల్లెపొద, అంతే. పిల్లలకి సెలవులిచ్చారు కదా ఈ ఎండాకాలంలోనే పెరడు బాగుచేద్దామని మా ఆయన అంటున్నారు, నాకేమో కూరగాయలు పెంచాలని ఉంది. పోయినేడు వంగ, టమాటా వేస్తే అస్సలు ఎదగలేదు, పొద్దున నీళ్లు పోసినా మధ్యాహ్నానికి వాడిపోయేవి, పీకి చూస్తే వేళ్లకి శనగగింజలంత బుడిపెలు. ఈసారి కుండీలో వేసిన టమాటా మాత్రం ఏపుగా ఉంది, కానీ పూత వస్తోంది రాలిపోతోంది, ఒక్క కాయ లేదు. ఇంత ఎండలో ఏమైనా వేయొచ్చా లేక వానలు పడేదాకా ఆగాలా?

జవాబు: పీకి వేళ్లు చూశావు చూడు, చాలా మంచి పని చేశావమ్మా, చాలామంది ఆ పని చేయకుండా మందులు కొడుతూ కూర్చుంటారు. ఆ బుడిపెలు నులిపురుగుల వల్ల వస్తాయి. కంటికి కనిపించవు, మట్టిలో ఉండి వేళ్లలో దూరతాయి, వేరు నీళ్లు లాగలేక మొక్క వాడిపోతుంది. వంగ, టమాటా, బెండ వీటికి బాగా ఇష్టం. ఆ మొక్కల వేళ్లు ఇంకా ఎక్కడైనా ఉంటే ఏరి కాల్చేయ్, ఎరువు గుంతలో మాత్రం వేయకు, మళ్లీ అక్కడి నుంచి పెరడంతా పాకుతాయి.

మందు అక్కర్లేదు, మీ ఖమ్మం ఎండే మందు. ఆ మడిని ఒక జానెడు లోతు తవ్వి గడ్డలు చితక్కొట్టి చదును చేసి బాగా తడపండి, దానిమీద పల్చటి తెల్ల పాలిథిన్ షీటు, అంటే లోపల మట్టి కనిపించేది, నేలకి అతుక్కునేలా పరిచి అంచులన్నీ మట్టితో కప్పేయండి, గాలి దూరకూడదు. నల్ల కవరు వద్దు, ఎండ లోపలికి దిగాలంటే తెల్లదే కావాలి. ఇప్పుడు పరిస్తే మృగశిర కార్తె వచ్చేసరికి, అంటే జూన్ 7, 8 తేదీలకి, ఐదారు వారాలవుతుంది. ఆ వేడికి పైమట్టిలో నులిపురుగులు చాలావరకు చస్తాయి, కలుపు గింజలు కూడా చస్తాయి. తీశాక బాగా మాగిన పశువుల ఎరువు, వేపపిండి కలిపి మొదటి పంటగా బంతి వెయ్యి. బంతి వేళ్లు ఉన్నచోట ఈ పురుగులు బాగా తగ్గుతాయి, పైగా దసరాకి పూలు కొనే పని ఉండదు. వంగ, టమాటా జోలికి ఆ మడిలో ఈ ఏడాది పోకు.

కుండీ టమాటా గురించి దిగులొద్దు. ఎండ 35 డిగ్రీలు దాటితే పుప్పొడి పాడైపోతుంది, రాత్రుళ్లు కూడా వేడి తగ్గకపోతే పూత నిలవదు, నీ తప్పేం లేదు. కొమ్మలు కొంచెం కత్తిరించి నీడలో పెట్టి బతికించుకో, చల్లబడ్డాక మళ్లీ కాస్తుంది. ఇప్పుడు వేయాలనుకుంటే తోటకూర, గోంగూర, బచ్చలి, గోరుచిక్కుడు, ఇవి గ్రో బ్యాగుల్లోనో ఇంకో మూల మట్టిలోనో వేసుకో, పైన 50 శాతం నీడిచ్చే గ్రీన్ నెట్ కట్టు. వేపాకు రాలుతుంది కదా, ఊడ్చి తగలబెట్టకుండా ఎండాకు మొత్తం మొక్కల మొదళ్ల చుట్టూ నాలుగు వేళ్ల మందాన పరుచు, కాండానికి తగలకుండా. రోజుకి రెండుసార్లు తడిపేది ఒకసారికి వస్తుంది. నీళ్లు తెల్లవారుజామునే పొయ్యి. అత్తమ్మగారి మల్లెపొదని మాత్రం ఇప్పుడు ఎవ్వరూ ముట్టుకోకండి, పూసే కాలం, కత్తిరింపులు చలికాలంలో చూసుకోవచ్చు.

ప్రశ్న: నమస్కారమండి. నాకు ఆదివారాలే దొరుకుతాయి. వానాకాలం వచ్చిందంటే వెనకంతా బురద, పాములు తేళ్ల భయం. మొత్తం తాండూరు బండలు పరిచేస్తే గొడవ వదులుతుందని మేస్త్రీ అంటున్నాడు, మా ఆవిడ ఒప్పుకోవట్లేదు. ఇంకో సంగతి, పోయిన వేసవిలో బట్టలుతికే దిమ్మ కట్టిస్తే నెల తిరక్కుండానే నెర్రెలు వచ్చాయి, సిమెంటు కొత్త బస్తాలే తెచ్చాను. ఇంకుడు గుంట కూడా తవ్విద్దామనుకుంటున్నా, ఎక్కడ ఎంత తవ్వాలి?

జవాబు: మొత్తం పరచొద్దండి, ఈ విషయంలో నేను మీ ఆవిడ వైపే. మా ఇంట్లో ఒకప్పుడు ఇదే పని చేశాం, పెరడంతా బండలు పరిచాం, చూడ్డానికి బాగుండేది. ఆ వేసవిలో బండలు పగలంతా కాలి రాత్రి పదకొండైనా వెనక గది చల్లబడేది కాదు, మా అమ్మ పెట్టిన సపోటా చెట్టు మూడో ఏడు ఎండిపోయింది, మొదలు దగ్గర చుక్క నీళ్లు దిగే దారి లేకుండా చేశాం మరి. చివరికి సగం బండలు పగలగొట్టించాం కానీ చెట్టు రాలేదు. మీ వేపచెట్టు విషయంలో అలా జరగనివ్వకండి.

ఇంటి వెనక గోడ వెంబడి నాలుగు అడుగులు, అక్కడి నుంచి దిమ్మ దాకా రెండడుగుల బాట, ఇంతవరకే బండలు వేయించండి, బురద బాధ తీరుతుంది. వాటం ఇంటి నుంచి బయటికి ఉండాలి, ఆరడుగులకి ఒక అంగుళం దిగేలా దారం కట్టి చూసుకోండి, మేస్త్రీ కంటి అంచనాకి వదిలేయకండి. పాముల సంగతంటారా, మట్టి ఉన్నంత మాత్రాన రావు, ఎలుకలున్నచోటికి, కట్టెల కుప్పలు పాత సామాను పడేసినచోటికి వస్తాయి, ముందు ఆ మూల ఖాళీ చేయించండి, ఈ ఆదివారమే.

దిమ్మ పగలడానికి సిమెంటు కారణం కాదనుకుంటున్నా, క్యూరింగ్ సరిపోయి ఉండదు. సిమెంటు గట్టిపడాలంటే లోపల తడి ఉండాలి, ఈ ఎండకి ఆ తడి గంటల్లో ఆవిరైపోతే పైపొర ముడుచుకుని నెర్రెలిస్తుంది. పొద్దున ఆరింటికి మొదలుపెట్టి పదికల్లా ఆపించండి, లేకపోతే సాయంత్రం చేయించండి, ఆ కూలీలు కూడా మనుషులే కదా మిట్టమధ్యాహ్నం ఎండలో నిలబెట్టకూడదు. ఇటుకలు కట్టేముందు బాగా నానాలి. పని అయ్యాక తడి గోనెసంచులు కప్పి కనీసం పది రోజులు, ఈ ఎండల్లో పద్నాలుగు రోజులైతే ఇంకా మేలు, ఆరనివ్వకుండా తడుపుతుండాలి. ఈ డ్యూటీ పిల్లలకివ్వండి, పైపు చేతికిస్తే రోజుకి నాలుగుసార్లు వాళ్లే అడిగి మరీ తడుపుతారు.

ఇంకుడు గుంట పని మాత్రం అన్నిటికన్నా ముందు పెట్టుకోండి, బండలు వేశాక తవ్వితే రెండు పనులూ చెడతాయి. ఇంటి పునాదికి పదడుగులైనా దూరంగా, సెప్టిక్ ట్యాంకుకి ఇంకా దూరంగా, నాలుగడుగుల పొడవు నాలుగడుగుల వెడల్పు ఐదారడుగుల లోతు చాలు. అడుగున పెద్ద రాళ్లు, దానిమీద 40 ఎంఎం కంకర, ఆపైన 20 ఎంఎం కంకర, పైన దొడ్డు ఇసుక, అంచు వరకు నింపకుండా అడుగు ఖాళీ ఉంచాలి. డాబా పైపు దాంట్లోకి తిప్పండి, కాకపోతే తొలి వాన నీళ్లు దుమ్ముతో వస్తాయి, వాటిని బయటికి వదిలేయండి. సబ్బు నీళ్లు ఎప్పుడూ వదలొద్దు. వెయ్యి చదరపు అడుగుల డాబా మీద ఒక సెంటీమీటరు వాన పడితే 900 లీటర్లకు పైనే నీళ్లు, ఇప్పటిదాకా అవన్నీ రోడ్డు మీదికి పోతున్నాయి. గుంటలో తీసిన లోపలి మట్టిలో సారం ఉండదు, మడుల్లో పోయకండి, బండల కింద ఎత్తు లేపడానికి వాడండి, మొరం కొనే ఖర్చు కొంత తగ్గుతుంది.

ప్రశ్న: ఆంటీ, నేను జనవరిలో సొర గింజ పెట్టాను. పాదు గోడ ఎక్కింది. తెల్ల పూలు వస్తున్నాయి, చిన్న చిన్న కాయలు కూడా వచ్చి పసుపుపచ్చగా అయిపోయి రాలిపోతున్నాయి. నానమ్మ దిష్టి తగిలింది అంటోంది. నిజమేనా?

జవాబు: చిట్టితల్లీ, నానమ్మ చెప్పినట్టు దిష్టి తీయించు, దాంతోపాటు ఇంకో పని నువ్వు చెయ్యాలి. సొరపాదులో రెండు రకాల పూలుంటాయి, కొన్నిటికి సన్నటి కాడే ఉంటుంది, అవి మగపూలు. కొన్నిటికి పువ్వు కింద బుజ్జి సొరకాయ ఉంటుంది, అవి ఆడపూలు. మగపువ్వులో పుప్పొడి ఆడపువ్వుకి అంటితేనే ఆ బుజ్జికాయ పెద్దదవుతుంది, లేకపోతే నువ్వు చెప్పినట్టే పసుపుపచ్చగా అయి రాలిపోతుంది. సొరపూలు సాయంత్రం విచ్చుకుంటాయి, ఆ వేళకి వచ్చే పురుగులు మీ పెరట్లో తక్కువగా ఉన్నట్టున్నాయి. కాబట్టి చీకటి పడేవేళ అమ్మని తోడు తీసుకుని వెళ్లు, అప్పుడే విచ్చుకున్న మగపువ్వు ఒకటి కోసి రేకులు తీసేసి మధ్యలో ఉన్నదాన్ని ఆడపువ్వు మధ్యలో మెల్లగా రుద్దు. ఆ కాడకి రంగు దారం వదులుగా కట్టు, ఏది నువ్వు చేసిందో గుర్తుంటుంది. బీరపాదు ఉంటే అదీ సాయంత్రమే, కాకర, గుమ్మడి మాత్రం పొద్దున.

గోడ వేడికి పాదు మాడుతుంది, నాన్నని అడిగి నాలుగు వెదురు బొంగులు పాతించి పైన జీఐ తీగతో, అంటే తుప్పు పట్టకుండా జింకు పూత వేసిన ఇనప తీగతో, పందిరి వేయించుకో, నాన్న తల తగలనంత ఎత్తు ఉండాలి. రెండుమూడు రోజుల్లో దారం కట్టిన కాయ పచ్చగా ఉండి కొంచెం లావైతే నిలిచినట్టే. ఆ తర్వాత రెండు వారాలు ఓపిక పట్టు, తొక్క మీద గోరు పెడితే సులువుగా దిగే లేతదనంలో ఉండగానే కోసేయ్, మొదటి కాయ నానమ్మకి ఇవ్వు. దారం కట్టినవాటిలో ఎన్ని నిలిచాయో లెక్కపెట్టి నాకు రాయి, జూన్‌లో బడి తెరిచేలోపు.