వెయ్యికి ఎంత?

చిరంజీవికి,

నీ కథ చదివాను. బీడీలు చుట్టే తల్లి చేత పేజీకోసారి కన్నీళ్లు పెట్టించావు గానీ, వెయ్యి బీడీలకు ఆమె చేతికి ఎంత వస్తుందో ఒక్కచోటా చెప్పలేదు. అందుకే నీకు ఇంగ్లీషు నవలాకారుడు ఆలన్ సిల్లిటో గురించి రాయాలనిపించింది.

1928లో ఇంగ్లండులోని నాటింగ్‌హామ్‌లో పుట్టాడు. తండ్రికి చదువు రాదు, ఇంట్లో ఎప్పుడూ కటకటే. పద్నాలుగేళ్లకు బడి మాని రాలీ సైకిళ్ల ఫ్యాక్టరీలో చేరాడు. తర్వాత వైమానిక దళంలో వైర్‌లెస్ ఆపరేటరుగా మలయా (ఇప్పటి మలేసియా) వెళ్లాడు. క్షయ సోకి ఏడాదికి పైగా ఆసుపత్రిలో ఉన్నాడు. ఆ మంచం మీదే విపరీతంగా చదివాడు, రాయడం మొదలుపెట్టాడు. చిన్న పెన్షను పట్టుకుని ఫ్రాన్సులో, ఆపైన స్పెయిన్‌లోని మజోర్కా దీవిలో కాలం గడిపాడు. బాగా తెలిసిన నాటింగ్‌హామ్ గురించే రాయమని అక్కడ కవి రాబర్ట్ గ్రేవ్స్ చెప్పాడు. ఈ సలహా పెద్దలందరం ఇస్తాం. పాటించడం ఎలాగన్నదే చిక్కు.

1958లో వచ్చిన అతని నవల ‘సాటర్‌డే నైట్ అండ్ సండే మార్నింగ్’లో కథానాయకుడు ఆర్థర్ సీటన్ ఫ్యాక్టరీలో లేతు మిషను ముందు నిలబడ్డ పేజీలు చూడు. మిషను మీద చేసిన నూరు ముక్కలకు కూలి నాలుగున్నర షిల్లింగులు (అప్పటి ఇంగ్లండు నాణేలు). రోజుకు 1400 చేస్తే గిట్టుబాటు. అంతకు మించితే రేట్లు చూసే మనిషి కన్ను పడుతుంది, నూటికిచ్చేది కోసేస్తారు. అందుకని పొద్దున ఒళ్లు వంచి వెయ్యి లాగించేస్తే, మధ్యాహ్నం తాపీగా చేతులాడించవచ్చు. యజమాని ఎత్తు, కార్మికుడి పైఎత్తు రెండూ ఆ అంకెల్లోనే ఉన్నాయి. ఉపన్యాసంతో పనిలేకపోయింది.

పైగా ఆర్థర్ బుద్ధిమంతుడేమీ కాదు. నవల మొదట్లోనే తప్పతాగి మెట్ల మీద నుంచి దొర్లుతాడు. తోటి పనివాడి భార్యతో సంబంధం పెట్టుకుంటాడు. పేదవాళ్లను దేవుళ్లను చేసే మన అలవాటంటే నాకు చిరాకు. నీ కథలో ఆ తల్లి ఒక్క అబద్ధం ఆడదు, పక్కింటావిడతో ఒక్క మాట పడదు, అనదు. అలాంటి మనిషి ఏ వాడలో ఉంటుంది?

ఆ నవలను కొందరు ప్రచురణకర్తలు తిప్పి పంపారు. అచ్చయ్యాక పేరొచ్చింది. 1960లో సినిమాగా తీస్తే స్క్రీన్‌ప్లే కూడా తనే రాశాడు. ఆనాటి కొందరు కుర్ర రచయితలను ‘యాంగ్రీ యంగ్ మెన్’ (కోపిష్టి కుర్రాళ్లు) అని పత్రికలు కట్టిన జట్టులో అతన్నీ కలిపారు. అతనికి ఆ ముద్ర నచ్చలేదు. రేపు నీకూ ఏదో ఒకటి తగిలిస్తారు, పట్టించుకోకు.

తిరగరాసే ముందు, బీడీలు చుట్టే మీ అమ్మ పక్కన కూర్చో. తునికాకు ఎంత తూచి ఇస్తారు, అందులో పనికిరానిది ఎంత, బాగాలేవని ఎన్ని బీడీలు ఏరి పారేస్తారు, తగ్గిన ఆకు ఎవరి డబ్బుతో కొంటుందో అడుగు. బీడీలు తీసుకునేవాడిని తను ఎప్పుడైనా బోల్తా కొట్టించిందా అని కూడా అడుగు. నవ్వి ఊరుకుంటే ఆ నవ్వు రాసుకో. కథ సంక్రాంతి లోపల పంపు, ఆ తర్వాత కొన్నాళ్లు నేను ఊళ్లో ఉండను.

ఆశీస్సులతో