సందేహాలు – సమాధానాలు: నిరీక్షణ అంటే కాచుకొని కూర్చోవడమేనా?

సందేహం: మా సంఘం తరఫున క్రిస్మస్ ఆహ్వానపత్రిక అచ్చు వేయిస్తున్నాం. పైన ‘సంతోషం – నిరీక్షణ’ అని పెట్టాలనుకున్నాం. మా యువకులు ఒప్పుకోవడం లేదు. నిరీక్షణ అంటే బస్సు కోసమో డాక్టరు కోసమో కాచుకొని కూర్చోవడమనీ, ఇంగ్లీషులో హోప్ అనేదానికి తెలుగు మాట ఆశ అనీ, బైబిలు అనువదించినవారు ఇక్కడ పొరబడ్డారనీ అంటున్నారు. ‘ఆనందం – ఆశ’ అని మార్చమంటున్నారు. ఏది సరైనది? – ఒక విశ్రాంత ఉపాధ్యాయిని, తెనాలి.

సమాధానం: అమ్మా, మీ పిల్లలకు మాట మీద ఇంత పట్టింపు ఉన్నందుకు ముందుగా సంతోషిస్తున్నాను. అయితే అనువాదకులు పొరబడ్డారన్న మాట వాళ్లు వెనక్కి తీసుకోవాలి. పొరబడింది అనువాదకులు కాదు. ‘గంటల తరబడి నిరీక్షణ’ అంటూ వరుసలో నిలబడినవారి బొమ్మ కింద రాసీ రాసీ ఆ మాటలోని వెలుగును ఆర్పేసిన మన పత్రికల వాళ్లం, మనమూ పొరబడ్డాం. నిలబడటాన్ని నిలబడటం అంటే చాలు, పడిగాపులు అంటే ఇంకా బాగుంటుంది. దానికి నిరీక్షణ ఎందుకు?

ఈ మాటలో ఉన్నది కన్ను. ఈక్షణం అంటే చూపు, కన్ను కూడా. మన కవులు పంకజేక్షణ అన్నా, నళినేక్షణ అన్నా ఆ కన్నునే చెప్పారు. ఈ ఒక్క ఈక్ష్ ధాతువు ఎన్ని మాటలను పెంచి మన ఇంటికి పంపిందో చూడండి. చుట్టూ తిరిగి చూస్తే పరీక్ష. చక్కగా, సమగ్రంగా చూస్తే సమీక్ష. పక్కనుండి చూస్తూ ఊరకుంటే ఉపేక్ష. తక్కినవాటి నుంచి చూపు మళ్లించి ఒక్కదాని మీదే నిలిపితే అపేక్ష. వచ్చేదాని వైపు తిరిగి చూస్తే ప్రతీక్ష. ముందుకు సాగి చూసేవాడు ప్రేక్షకుడు. ఉన్నదాన్ని మించి మరొకటిగా చూస్తే ఉత్ప్రేక్ష. బళ్లో పరీక్ష రాసే పిల్లవాడికీ, అలంకారశాస్త్రం చదివే పండితుడికీ ఒకే ధాతువు. ఈ సంగతి తలచుకున్నప్పుడల్లా నాకు పండగే.

ఇక నిరీక్షణ. ఇందులోని ‘నిర్’ను కొందరు ప్రసంగీకులు ‘లేకపోవడం’గా తీసుకొని, నిరీక్షణ అంటే కంటికి కనబడకపోయినా నమ్మడమని వేదిక మీద చెబుతున్నారు. భావం మంచిదే, వ్యుత్పత్తి మాత్రం తప్పు. నిరాశలో, నిర్దోషిలో ఉన్న నిర్ వేరు, ఇది వేరు. ఇక్కడ నిర్ అంటే వెలుపలికి, పూర్తిగా. ఉదాహరణ కోసం ఎక్కడికో పోనక్కరలేదు, మీ బైబిలులో రెండో గ్రంథం పేరు చూడండి: నిర్గమకాండము. నిర్గమనం అంటే వెలుపలికి వెళ్లడం. ఆ వరసలోనే నిరీక్షణ అంటే చూపును వెలుపలికి, దూరానికి సారించడం. ఇంట్లో ఉన్నవాడు గడప దాకా వచ్చి, నొసటికి చెయ్యి అడ్డం పెట్టుకొని దారి పొడుగునా చూడటం. సంస్కృతంలో దీనికి తేరిపార చూడటమనే అర్థం. ఆ చూపు హిందీలో తనిఖీ అయింది, అక్కడ నిరీక్షక్ అంటే ఇన్‌స్పెక్టరు. తెలుగులో, కన్నడంలో అది రాబోయేదాని కోసం చూసే చూపు అయింది.

పొరుగు భాషలు ఏం చేశాయో కూడా మీ యువకులు తెలుసుకోవడం మంచిది. కొరింథీయులకు రాసిన మొదటి పత్రిక పదమూడో అధ్యాయం చివర మనకు ‘విశ్వాసము, నిరీక్షణ, ప్రేమ యీ మూడును నిలుచును’ అని ఉంది. అదే చోట కన్నడంవారు నిరీక్షె అన్నారు. మలయాళంవారు ప్రత్యాశ అన్నారు. తమిళులు నంబిక్కై, అంటే మన నమ్మిక, అన్నారు. మూలంలో ఉన్నది ఎల్పిస్ అనే గ్రీకు మాట. దాన్ని ఒకరు ఆశతో పట్టారు, ఒకరు నమ్మకంతో పట్టారు, మనమూ కన్నడిగులూ కంటితో పట్టాం. కంటితో పట్టిన మాటే నాకు ఎక్కువ ఇష్టం. దానికి కారణం ఉంది.

వేచి ఉండటమనే పనిని తెలుగువాడు ఎప్పుడూ కంటితోనే చెప్పాడు. ఎదురుచూడటం ఉంది. కళ్లలో వత్తులు వేసుకోవడం ఉంది. కళ్లు కాయలు కాయడం ఉంది. అన్నింటినీ మించిన మాట కనిపెట్టు. ఇవాళ కనిపెట్టడమంటే యంత్రాన్నో మందునో కనిపెట్టడమే అనుకుంటున్నారు. మా అమ్మమ్మ డాబా మీద వడియాలు పెట్టి, ‘కాకులు వస్తాయి, కనిపెట్టుకొని ఉండరా’ అనేది. అంటే చూపు తిప్పకుండా కాపలా ఉండమని. పక్కింటివారు ఊరికి వెళ్తూ ఇల్లు కనిపెట్టుకొని ఉండమని చెప్పడం ఇప్పటికీ వింటాం. బైబిలు తెలుగుకు ఈ మాట ప్రాణం. నూట ముప్పయ్యో కీర్తనలో ‘కావలివారు ఉదయముకొరకు కనిపెట్టుటకంటె ఎక్కువగా నా ప్రాణము ప్రభువుకొరకు కనిపెట్టుచున్నది’ అని ఉంది. రాత్రి కావలి కాసేవాడికి తెల్లవారుతుందో లేదో అన్న అనుమానం ఉండదు. ఎప్పుడన్నదే అతడి తపన. కాబట్టి తూర్పు మీద నుంచి కన్ను తియ్యడు.

మీ పిల్లల ఆక్షేపణకు సూటి జవాబు రోమీయులకు రాసిన పత్రిక ఎనిమిదో అధ్యాయంలో ఉంది. ‘మనము చూడనిదాని కొరకు నిరీక్షించినయెడల ఓపికతో దానికొరకు కనిపెట్టుదుము’. చూశారా, ఒకే వాక్యంలో రెండు మాటలు! నిరీక్షణ, కాచుకోవడం ఒకటే అయితే ఈ వాక్యానికి అర్థమే ఉండదు. గ్రీకులో రెండు వేర్వేరు క్రియలున్న చోట మనవాళ్లు ఎరిగే రెండు వేర్వేరు మాటలు వేశారు. నిరీక్షించడం లోపల జరిగేది, కనిపెట్టడం దాని వల్ల బయట జరిగేది. 1805లో విశాఖపట్నం చేరిన లండన్ మిషన్‌వారు ఆనందరాయరు అనే పండితుడి సాయంతో సువార్తలను తెనిగించడం మొదలుపెట్టారు. 1812లో బెంగాలులోని సేరంపూరులో అవి అచ్చయ్యాయి. ఆ తరవాత ఎన్ని చేతులు దిద్దితే ఇవాళ్టి గ్రంథం వచ్చిందో తలచుకోండి. ఆ చేతుల శ్రమను ఒక్క సాయంత్రపు చర్చలో కొట్టివేయడం సబబు కాదు.

ఇక ఆశ. సంస్కృతంలో ఇది గౌరవమైన మాటే. తెలుగులోకి వచ్చాక దాని నడవడి కొంచెం మారింది. ఆశపోతు, పేరాశ, దురాశ, అత్యాశ అన్నీ తిట్లే. ఆశ చూపి మోసం చేశాడంటాం. ఆశ తద్భవమై ఆస అయితే, ఆ ఆస కాస్తా అడియాస అవుతుంది. ‘ఆశాభావం వ్యక్తం చేశారు’ అని పత్రికలో వచ్చిందంటే ఆ పని జరిగేది అనుమానమే అని పాఠకుడికి అర్థమైపోతుంది. అబ్రాహాము గురించి ‘నిరీక్షణకు ఆధారము లేనప్పుడు అతడు నిరీక్షణ కలిగి నమ్మెను’ అన్న చోట ఆశ అని పెట్టి చదవండి, వాక్యం ఎంత పలచబడుతుందో తెలుస్తుంది. అలాగని ఆశను వెలివేయమని నేననను. అమరకోశంలో దిక్కుకు చెప్పిన పేర్లలో ఆశ కూడా ఒకటి. ఆ ఆశ వ్యుత్పత్తి వేరంటారు. అయినా జ్ఞానులు తూర్పుదిక్కున నక్షత్రాన్ని చూసి బయలుదేరిన కథ చదివినప్పుడు ఈ రెండు ఆశలూ నా మనసులో పక్కపక్కన నిలబడతాయి. తెలుగులో దిక్కు అంటే శరణు కూడాను.

దిక్కు అనగానే పోతన గుర్తుకొస్తాడు, నేనేం చెయ్యను! నేను బైబిలు వాక్యం వింటూ పెరిగినవాణ్ణే, కానీ నాకు తెలుగు రుచి చూపించింది గజేంద్రమోక్షం.

కలఁ డందురు దీనులయెడఁ
గలఁ డందురు పరమయోగి గణములపాలం
గలఁ డందు రన్నిదిశలను
గలఁడు కలండనెడివాఁడు గలఁడో లేఁడో?

ఎంత చిన్న కందం! ‘కలడు’ అన్న మాట ఎన్నిసార్లు వచ్చిందో లెక్కపెట్టండి. మూడుసార్లు ‘అందురు’, అంటే లోకం చెప్పిన మాట. చివరి పాదంలో లోకం తప్పుకుంది, నీళ్లలో మొసలి నోట కాలు చిక్కిన ఏనుగు ఒక్కటే మిగిలింది. ‘కలఁడో లేఁడో’ అన్న ప్రశ్నను కొందరు నాస్తికమన్నారు, కొందరు నింద అన్నారు. నాకది నిరీక్షణకు తెలుగులో దొరికిన అత్యుత్తమ లక్షణవాక్యం. దిక్కులన్నీ చూసింది, ఎక్కడా కనబడలేదు, అయినా చూపు దించలేదు. లేడని తేల్చుకున్నవాడు ‘లేఁడో’ అని అడగడు, కళ్లు మూసుకుంటాడు. కాసేపటికి అదే గొంతు ‘నీవే తప్ప నితఃపరంబెఱుఁగ’ అంటుంది. ఈ రెండింటి మధ్య ఉన్న ఎడమే నిరీక్షణ. కీర్తనకారుడు ‘నా ప్రాణమా, దేవుని నమ్ముకొని మౌనముగా నుండుము, ఆయన వలననే నాకు నిరీక్షణ కలుగుచున్నది’ అన్నదీ అటువంటి ఎడంలో నిలబడే. పోతన దేవుడు వేరు, దావీదు దేవుడు వేరు అని మీ సంఘంలో ఎవరైనా అంటే, నేను మాట్లాడుతున్నది తెలుగు గురించి అని చెప్పండి.

హెబ్రీలో నిరీక్షణకున్న మాట తిక్వా. దానికే తాడు అనే అర్థమూ ఉంది. యెరికో పట్టణం కూలేనాడు తన ఇల్లు మిగలాలని రాహాబు అనే స్త్రీ కిటికీకి కట్టిన ‘తొగరుదారము’ దగ్గర మూలంలో ఉన్నది ఆ తిక్వాయే. తొగరు అంటే ఎరుపు. ఎంత చక్కటి పాత మాట, ఇప్పుడు ఎవరైనా వాడుతున్నారా? ఆ రాహాబు పేరు మత్తయి మొదటి అధ్యాయంలో, యేసు వంశావళిలో ఉంది. క్రిస్మస్ రోజున చాలామంది ఆ పేర్ల పట్టికను దాటేసి చదువుతారు. దాటవద్దు.

సంతోషమా ఆనందమా అన్నదానికి ఎక్కువ చెప్పనక్కరలేదు. సంతోషం తుష్ ధాతువు నుంచి వచ్చింది, మొదటి అర్థం తృప్తి. ఆనందం ఉల్లాసం. దూత గొల్లలకు చెప్పింది ‘మహా సంతోషకరమైన సువర్తమానము’, నక్షత్రాన్ని చూసిన జ్ఞానులు ‘అత్యానందభరితులై’నారు. రెండూ క్రిస్మస్ మాటలే. ‘హ్యాపీ క్రిస్మస్ శుభాకాంక్షలు’ అని మాత్రం వేయకండి, హ్యాపీలో శుభం ముందే వచ్చేసింది.

ఈ మాటలన్నీ కలిసే చోటు ఒకటి ఉంది, అది క్రిస్మస్ కథలోనే ఉంది. సుమెయోను ముసలివాడు. సువార్త రాసిన లూకా అతణ్ణి ‘ఇశ్రాయేలుయొక్క ఆదరణకొరకు కనిపెట్టువాడు’ అని పరిచయం చేశాడు. (ఆదరణ అంటే ఓదార్పు, సినిమాకు ప్రేక్షకులు చూపేది కాదు.) దేవాలయం విడువని ‘అన్న’ అనే ప్రవక్త్రి మాట్లాడింది కూడా ‘విమోచనకొరకు కనిపెట్టుచున్నవారందరితో’. ఆ ముసలాయన చేతుల్లోకి పసిబిడ్డ యేసు వచ్చాడు. అప్పుడతడు ఏమన్నాడు? ‘నేను కన్నులార నీ రక్షణ చూచితిని’. కన్నులార! గ్రీకులో ‘నా కన్నులు చూచెను’ అని మాత్రమే ఉంది. ‘ఆర’ మన తెలుగు చేర్చిన నిండుదనం. కడుపార తినడం, నోరార పిలవడం, చేతులార పెట్టడం ఎలాగో అలా కన్నులార చూడటం. కనిపెట్టడంతో మొదలైన కన్ను కన్నులార దగ్గర నిండింది. మరియ కుమారుని ‘కని’ పశువులతొట్టిలో పండబెట్టిందన్న వాక్యంలోని కను, చూచుటనే కను వేర్వేరు ధాతువులని భాషాశాస్త్రవేత్తలు అంటారు, కాదనను. కాని తెలుగు చెవికి అవి ఒక్కలాగే వినబడతాయి.

కాబట్టి నా అభిప్రాయం: ‘సంతోషం – నిరీక్షణ’ అనే వేయండి. ఆహ్వానం ఇరుగుపొరుగు అన్ని మతాలవారికీ వెళ్లేదైతే, వారికి ఆ మాట కాచుకోవడంగానే తోచవచ్చు. అప్పుడు ఆశ అన్నా తప్పు పట్టను, నమ్మిక అన్నా సరే. లేదా పేరు కింద రోమీయులకు రాసిన పత్రిక పన్నెండో అధ్యాయంలోని ‘నిరీక్షణగలవారై సంతోషించుచు’ అన్న రెండు మాటలూ వేస్తే అర్థం దానంతటదే తేలుతుంది. ఒక్కటి మాత్రం గట్టిగా చెబుతున్నాను: అచ్చుకు ఇచ్చే ముందు ప్రూఫు మీరే చూడండి. నిర్ + ఈక్షణ కాబట్టి ‘రీ’ దీర్ఘం. నిరుడు నాకు వచ్చిన ఒక ఆహ్వానంలో పెద్ద బంగారు అక్షరాలతో ‘నిరిక్షణ’ అని ఉంది.