ఇంట్లో కంప్యూటర్ ఫైళ్ళ బ్యాకప్‌కి క్లౌడ్ మంచిదా, ఎక్స్‌టర్నల్ హార్డ్ డిస్క్ మంచిదా?

మీ ల్యాప్‌టాప్‌లో 400 జీబీ దాకా ఫోటోలు, వీడియోలు, స్కాన్ చేసిన కాగితాలు ఉన్నాయన్నారు. క్లౌడ్‌కి డబ్బు కట్టాలా, హార్డ్ డిస్క్ కొనాలా అని అడిగారు. ఏది తీసుకున్నా ఫరవాలేదు. తీసుకునే ముందు మాత్రం ఒక్కటి చూసుకోండి: పోయిన నెల ఈ ఫైలు ఎలా ఉందో అలాగే వెనక్కి తెచ్చి ఇవ్వగలదా? ఇవ్వలేకపోతే ఎంత ఖరీదైన ఏర్పాటైనా నా లెక్కలో అది బ్యాకప్ కాదు.

ఇంత గట్టిగా చెప్పడానికి కారణం మా వదిన ఎక్సెల్ ఫైలు.

అన్నయ్యా వదినా ఇంట్లో ఉన్న పాత ఫోటోలన్నీ స్కాన్ చేసి పెట్టుకున్నారు. స్కానింగ్ ఎవరైనా చేస్తారు. అసలు పని ఆ ఫోటోల్లో ఎవరెవరున్నారో రాసుకోవడం. వదిన ఖాళీ దొరికినప్పుడల్లా అమ్మ పక్కన కూర్చుని ఒక్కో ఫోటో చూపించేది. "ఈ చివర నిలబడింది మీ మామగారి మేనత్త. పక్కనున్నది ఎవరో పక్కింటి పిల్ల, కెమెరా కనిపిస్తే చాలు పరిగెత్తుకొచ్చేది" అని అమ్మ చెబుతుంటే వదిన టైప్ చేసుకునేది. మొదటి కాలమ్‌లో ఫోటో నంబరు, తర్వాత సంవత్సరం, తర్వాత ఎవరు, చివర్లో ఏ సందర్భం. అలా వెయ్యికి పైగా వరసలు.

ఆ ఫైలున్న ఫోల్డర్ క్లౌడ్‌తో సింక్ అయ్యేది, అంటే ఇక్కడ ఏది మార్చినా అక్కడా దానంతటదే మారేది. అది చాలదని అన్నయ్య వారం వారం ఎక్స్‌టర్నల్ డిస్క్ పెట్టి మొత్తం కాపీ చేసేవాడు. కాపీ అంటే మిర్రర్: ల్యాప్‌టాప్‌లో ఎలా ఉందో డిస్క్‌లోనూ అచ్చం అలాగే, ఇక్కడ లేనిది అక్కడా ఉండదు. బ్యాకప్ గురించి అడగ్గానే అందరూ 3-2-1 సూత్రం చెప్తారు కదా, పీటర్ క్రోగ్ అనే ఫోటోగ్రాఫర్ ప్రచారంలోకి తెచ్చినది. మూడు కాపీలు, రెండు రకాల మీడియా (అంటే ఫైళ్ళు దాచే సాధనాలు), ఒకటి ఇంటి బయట. వాళ్ళిద్దరికీ అది తెలియకుండానే పాటించేశారు. ల్యాప్‌టాప్‌లో ఒకటి, డిస్క్‌లో ఒకటి, క్లౌడ్‌లో ఒకటి. వంక పెట్టడానికి లేదు.

ఒకరోజు ఎవరో ఆ 'ఎవరు' అన్న కాలమ్‌ని మాత్రం సెలెక్ట్ చేసి సార్ట్ కొట్టారు. వదినా, మా అన్నయ్య కూతురా అన్నది ఇప్పటికీ తేలలేదు, తేల్చే ధైర్యం కూడా ఎవరికీ లేదు. ఒక్క కాలమ్‌నే సార్ట్ చేయబోతే ఎక్సెల్ ఊరుకోదు, పక్క కాలమ్‌లను కూడా కలుపుకోమంటావా, ఇదొక్కటే చాలా అని అడుగుతుంది. చాలు అన్నారు. పేర్లన్నీ అక్షర క్రమంలోకి వచ్చేశాయి. నంబర్లు, సంవత్సరాలు ఉన్నచోటే ఉన్నాయి. సేవ్ చేసి మూసేశారు.

ఇందులో ఏదీ పోలేదు చూడండి. ఫైలు పేరు అదే, వరసల సంఖ్య అదే, తెరిస్తే చక్కగా తెరుచుకుంటుంది. హార్డ్ డిస్క్ టక్‌టక్‌మని చప్పుడు చేసి చచ్చిపోతే వెంటనే తెలుస్తుంది. ఇలాంటిది తెలియదు. రెండు నెలల తర్వాత ఆల్బమ్ ప్రింట్ చేయిద్దామని కూర్చున్నప్పుడు బయటపడింది. 212వ ఫోటోలో ఉయ్యాల్లో పసిపిల్ల. ఎదురుగా "తాతయ్య, రిటైర్మెంట్ సభలో" అని ఉంది. అందరం నవ్వాం. తర్వాత 213 చూశాం. ఆ తర్వాత ఎవరూ నవ్వలేదు.

ఇంట్లో కంప్యూటర్ వ్యవహారం ఏదైనా నా దగ్గరికే వస్తుంది కాబట్టి ల్యాప్‌టాప్ నా ఒళ్ళో పెట్టారు. క్లౌడ్‌లో చూస్తే అదే తప్పు ఫైలు. సేవ్ చేసిన కాసేపటికే సింక్ దాని పని అది బుద్ధిగా చేసేసింది. పాత వెర్షన్లు వాళ్ళ ప్లాన్‌లో నెల రోజుల వరకే ఉంటాయి, ఆ గడువు దాటిపోయింది. డిస్క్ పెట్టి చూస్తే అక్కడా అదే. మిర్రర్ ప్రతి వారం వచ్చి మంచి కాపీ మీద చెడ్డ కాపీ రాసేసింది. పోనీ తిరగేసి సార్ట్ చేద్దామంటే, అంతకుముందు ఏ పేరు ఏ వరసలో ఉందో చెప్పే ఆధారమేదీ ఫైల్లో లేదు. మూడు కాపీలు, మూడూ పనికిరానివే.

చివరికి దొరికింది వదిన మెయిల్‌లో. మా పిన్నికి "మీ వైపు వాళ్ళ పేర్లు సరిగ్గా ఉన్నాయో లేదో చూడండి" అని ఎప్పుడో పంపిన అటాచ్‌మెంట్ సెంట్ ఫోల్డర్‌లో ఉండిపోయింది. అందులో మూడింట రెండు వంతులు ఉన్నాయి. మిగతా వాటికోసం మళ్ళీ అమ్మ పక్కన కూర్చోవాల్సి వచ్చింది. ఈసారి అమ్మ కొన్ని ఫోటోల్లో మనుషుల్ని మార్చి చెప్పింది. ఏది నిజమో తేల్చడానికి ఆ తరం వాళ్ళు ఇంకెవరూ లేరు.

ఇది ఇళ్ళల్లోనే జరుగుతుందనుకోకండి. 2017 జనవరి 31న ప్రోగ్రామర్లు తమ కోడ్ దాచుకునే గిట్‌ల్యాబ్ అనే సంస్థలో ఒక ఇంజినీర్ పొరపాటున అసలు డేటాబేస్‌నే చెరిపేశాడు. వాళ్ళకి ఐదు రకాల బ్యాకప్ ఏర్పాట్లు ఉండేవి. అవసరం పడ్డాక చూస్తే ఒక్కటీ సరిగ్గా పనిచేయడం లేదు. వేరే పనికోసం సుమారు 6 గంటల ముందు తీసి పెట్టుకున్న ఒక స్నాప్‌షాట్ (ఆ క్షణానికి డేటా ఎలా ఉందో దాని కాపీ) వాళ్ళని గట్టెక్కించింది. వాళ్ళ స్నాప్‌షాటూ, మా వదిన అటాచ్‌మెంటూ ఒకే జాతి. బ్యాకప్ అనుకుని చేసినవి కావు, అయినా ఒక తేదీ దగ్గర ఆగిపోయి ఉన్నాయి, ఎవరూ వాటి మీద తిరిగి రాయలేదు.

నాకు చిరాకు తెప్పించేది ఇంకొకటుంది. ఇలాంటి ప్రశ్న కనపడగానే "నాస్ కొనండి, రెండు డిస్క్‌లు వేసి రెయిడ్ పెట్టండి" అని సలహా ఇచ్చేవాళ్ళు. నాస్ అంటే ఇంటి నెట్‌వర్క్‌కి తగిలించే డిస్క్‌ల పెట్టె. రెయిడ్ 1 అంటే రెండు డిస్క్‌ల మీదా ఒకేసారి ఒకే సంగతి రాయడం. ఒక డిస్క్ పాడైతే రెండోది నడిపిస్తుంది, బాగుంది. మీరు ఫైలు డిలీట్ చేస్తే రెండింటిలోంచీ అదే క్షణంలో పోతుంది. స్నాప్‌షాట్లు పెట్టుకోకపోతే ఆ పెట్టె మా అన్నయ్య డిస్క్ కంటే గొప్పదేమీ కాదు. సలహా ఇచ్చేవాళ్ళలో చాలామందికి డిస్క్‌లు బిగించడంలో ఉన్న సరదా ఫైళ్ళు వెనక్కి తేవడంలో ఉండదని నా గట్టి నమ్మకం.

సరే, మీ సంగతి. క్లౌడ్ అంటే ముందు అప్‌లోడ్ స్పీడ్ చూసుకోండి. ప్రకటనల్లో పెద్దక్షరాలతో కనిపించేది డౌన్‌లోడ్ స్పీడ్. అప్‌లోడ్ 10 ఎంబీపీఎస్ (సెకనుకి 10 మెగాబిట్లు) అయితే 400 జీబీ ఎక్కడానికి ఆగకుండా నడిచినా మూడున్నర రోజులు దాటుతుంది. ఈలోగా ల్యాప్‌టాప్ మూసి పడుకుంటే లెక్క మళ్ళీ పెరుగుతుంది. కాబట్టి ఫైళ్ళన్నిటికీ డిస్క్, మళ్ళీ సంపాదించలేని వాటికి మాత్రం క్లౌడ్ అనుకోండి. ఆ క్లౌడ్ పాత వెర్షన్లు ఎన్నాళ్ళు ఉంచుతుందో డబ్బు కట్టకముందే చదవండి. గూగుల్ డ్రైవ్ ఎక్సెల్ లాంటి ఫైళ్ళకి 30 రోజులో, 100 వెర్షన్లో దాటితే పాతవి తీసేయవచ్చు. ముఖ్యమైన వెర్షన్‌ని ఎప్పటికీ ఉంచమని మనమే టిక్ పెట్టాలి.

డిస్క్‌కి ఊరికే కాపీ పేస్ట్ వద్దు, మిర్రర్ అసలే వద్దు. విండోస్‌లో ఫైల్ హిస్టరీ అని ఉంటుంది. విండోస్ 11లో దాన్ని సెట్టింగ్స్‌లో వెతికి విసుక్కోకండి, కంట్రోల్ ప్యానెల్‌లోకి వెళ్ళండి. గంటకోసారి మారిన ఫైళ్ళ కాపీ తీసుకుంటుంది, పాతవాటిని అలాగే ఉంచుతుంది. ఒక్క తిరకాసు: డాక్యుమెంట్స్, పిక్చర్స్, డెస్క్‌టాప్ లాంటివే చూస్తుంది. మీ ఫోటోలు డీ డ్రైవ్‌లో సొంత ఫోల్డర్‌లో ఉంటే దాన్ని ఒక లైబ్రరీలో (ఫోల్డర్లను ఒకచోట కలిపి చూపించే విండోస్ జాబితా) చేర్చాలి, లేకపోతే ఆ వైపు తొంగి కూడా చూడదు. మ్యాక్ అయితే టైమ్ మెషీన్ చాలు. ఒకరోజు వరకు గంట గంటకీ, నెల వరకు రోజుకొకటి, అంతకు ముందువి వారానికొకటి చొప్పున డిస్క్ నిండేదాకా ఉంచుతుంది. ఫోటోలు ఒకసారి చేరాక మారవు కాబట్టి పాత వెర్షన్లకి పెద్దగా చోటు పట్టదు. 1 టీబీ సరిపోతుంది, 2 టీబీ అయితే నిశ్చింత. 1 టీబీ కొంటే విండోస్ 931 జీబీ చూపిస్తుంది, అది మోసం కాదు, లెక్కపెట్టే పద్ధతిలో తేడా.

పనయ్యాక డిస్క్ ఊడదీసి పెట్టండి. 2017 మే నెలలో వనాక్రై అనే, ఫైళ్ళకి తాళం వేసి డబ్బు అడిగే ప్రోగ్రామ్ వచ్చినప్పుడు కంప్యూటర్‌కి తగిలించి ఉన్న డ్రైవ్‌లలోని ఫైళ్ళకి కూడా తాళాలు వేసేసింది. కుదిరితే ఇంకో డిస్క్ తీసుకుని వేరే ఇంట్లో ఉంచండి, అప్పుడప్పుడు అటూ ఇటూ మార్చుకోండి. బయట ఉండేదాన్ని ఎన్‌క్రిప్ట్ చేయాలి, అంటే పాస్‌వర్డ్ లేనివాళ్ళు చదవలేకుండా చేయాలి. విండోస్ ప్రో అయితే బిట్‌లాకర్, హోమ్ అయితే వెరాక్రిప్ట్. బిట్‌లాకర్ ఇచ్చే 48 అంకెల రికవరీ కీని అదే ల్యాప్‌టాప్‌లో నోట్‌ప్యాడ్‌లో దాచుకునేవాళ్ళున్నారు. అది ఇంటి తాళంచెవి లోపల పెట్టి తలుపు లాగేయడమే. కాగితం మీద రాయండి, ఎక్కడ పెట్టారో ఇంట్లో ఇంకొకరికి చెప్పండి.

ఇదంతా పెట్టుకున్న మూడు వారాల తర్వాత, మీరు తరచూ మార్చే ఫైలు ఒకటి తీసుకుని, మొదటి వారంలో ఉన్న కాపీని వేరే ఫోల్డర్‌లోకి తెచ్చి తెరిచి చూడండి. వస్తే ఆ పద్ధతే ఉంచుకోండి. రాకపోతే ఏ ఫైలు, ఏ మెసేజ్ చూపించిందో కామెంట్‌లో రాయండి, చూస్తాను.