పంపు దగ్గర కనబడని ధర

“పెట్రోలు కొనేది కారున్నవాడే, దాని మీద పన్ను కట్టేదీ వాడే, అమెరికాలో కార్ల వల్ల మిగతా జనం మీద పడే ఖర్చేమిటి?” అన్నది మీ ప్రశ్న. డాలస్ శివార్లలో కాపురం పెట్టిన కొత్తలో నేనూ అలాగే అనుకునేవాడిని.

మా అమ్మ గుంటూరు నుంచి ఆరు నెలలు ఉండటానికి వచ్చినప్పుడు, సాయంత్రం నడకకు పనికొస్తాయని ఆమెకు ఒక జత బూట్లు కొన్నాం. కిరాణా కొట్టు మా ఇంటికి ముప్పావు మైలే. అయితే కాలిబాట మా కాలనీ మలుపు దాటగానే గడ్డిలో ఆగిపోతుంది, ఆ తరువాత ఆరు వరుసల రోడ్డు, దాని అవతల కొట్టు కంటే పెద్దదైన పార్కింగు స్థలం. “కొట్టు కనబడుతూనే ఉందిరా, పోవడానికే దారి లేదు” అంటూ అమ్మ రెండో రోజే వెనుదిరిగింది. చిత్రమేమిటంటే, ఆ బూట్ల మీద మేము కట్టిన అమ్మకపు పన్ను నుంచి కూడా రహదారులకు వాటా ఉంది. టెక్సాస్ ఓటర్లు 2015లో ఆమోదించిన రాజ్యాంగ సవరణ ప్రకారం, రాష్ట్రానికి ఆ పన్ను రాబడి ఏడాదికి 2,800 కోట్ల డాలర్లు దాటాక, ఆపై వచ్చే 250 కోట్ల డాలర్లు రహదారుల నిధికి వెళతాయి.

ఇంధన పన్ను చాలకపోవడమే ఇందుకు కారణం. ఫెడరల్ పన్ను గ్యాలనుకు 18.4 సెంట్ల దగ్గర 1993 నుంచి, టెక్సాస్ పన్ను 20 సెంట్ల దగ్గర 1991 నుంచి కదలలేదు. ఫెడరల్ రహదారుల నిధిలో పడే లోటును 2008 నుంచి సాధారణ ఖజానా సొమ్ముతో పూడుస్తూ వస్తున్నారు.

చమురు సరఫరా లెక్క వేరే ఉంది. 1973 అరబ్ దేశాల ఆంక్షల దెబ్బ తిన్నాక, 1975 నాటి చట్టంతో టెక్సాస్, లూసియానా తీరప్రాంతాల ఉప్పు గుహల్లో ముడిచమురు నిల్వ పెట్టడం మొదలైంది. 1987, 88లలో పర్షియన్ గల్ఫ్‌లో కువైట్ ట్యాంకర్లకు అమెరికా నౌకాదళం కాపలా కాసింది. ఈ ఖర్చులేవీ పంపు రసీదు మీద ఉండవు. ముడిచమురు ఉత్పత్తిలో అమెరికా ఇప్పుడు అగ్రస్థానంలో ఉన్నా, ధర నిర్ణయించేది ప్రపంచ మార్కెట్టే. యుక్రెయిన్ యుద్ధం మొదలయ్యాక 2022లో ఆ నిల్వ నుంచి 18 కోట్ల బ్యారెళ్లు విడుదల చేస్తామని ప్రకటించినా, జూన్‌లో దేశ సగటు ధర గ్యాలనుకు 5 డాలర్లు దాటింది. ఆ నెలలో నేను మానుకోగలిగింది ఆదివారం గుడికి వెళ్లడం ఒక్కటే. ఆఫీసుకు వెళ్లడానికి మాకు బస్సు లేదు.