బెజవాడలో డాబా మీద తుమ్మి పూలు పెంచొచ్చా?

కార్తీకంలో శివయ్యకు పెట్టడానికి తుమ్మి పెంచాలనుకుంటే పోయినేడు మేలో చల్లిన గింజలు చాలావరకు మొలవలేదని, మొలిచిన ఒకటి రెండు ఏపుగా ఎదిగి పూయలేదని రాశారు. పెంచొచ్చండీ. గుంటూరులో మా డాబా మీద ఏటా పూస్తోంది.

తుమ్మి ఏడాది మొక్క. వానలకు మొలిచి, పూసి, గింజ రాల్చి ఎండిపోతుంది. రోహిణి ఎండల్లో కుండీ మట్టి కాలిపోతుంటే గింజ మొలిచినా నిలవదు. మృగశిర దాటి ఆరుద్ర వచ్చాక, ఒక మంచి వాన పడ్డాక చల్లండి. కార్తీకానికి పూత మీద ఉంటుంది.

ఇక మట్టి. పొలం గట్ల మీద, రోడ్డు పక్కన గులకరాళ్లలో పెరిగే మొక్క ఇది. దీనికి వర్మీకంపోస్టు, పశువుల ఎరువు దట్టిస్తే ఆకే తప్ప పూత రాదు. మీ మొక్కలు పూయకపోవడానికి నాకు తోచిన కారణం ఇదే. సగం ఎర్రమట్టి, సగం ఇసుక చాలు. కుండీలో నల్లరేగడి అసలు వద్దు, నీరు పట్టేసి వేరు కుళ్లుతుంది. రోజంతా ఎండ తగలాలి.

గింజను పూడ్చకండి. పైన చల్లి అరచేత్తో అదమండి. మొలకలు నిలదొక్కుకునేదాకా నీళ్లు చిలకరించి, తర్వాత పై మట్టి ఆరాకే పోయండి. మధ్యాహ్నం ఆకులు వాలితే టెన్షన్ పడొద్దు, సాయంత్రానికి లేస్తాయి. లేవకపోతేనే నీళ్లు.

గింజలకు కరకట్ట వైపు వెళ్లి చూడండి. మిర్చి, పత్తి చేల గట్ల మీంచి మాత్రం తేవద్దు, అక్కడ మందులు కొడతారు. మొక్కను పీక్కొచ్చి నాటితే బతకడం కష్టం. ఎండిన గుత్తి తెచ్చుకోండి. కణుపు చుట్టూ ఉండే ఆ గుత్తిలో ఒక్కో పువ్వు రాలిన చోట సన్నటి గొట్టం మిగులుతుంది. తెల్ల కాగితం మీద బోర్లించి తడితే గొట్టానికి నాలుగు దాకా నున్నటి గోధుమరంగు గింజలు రాలతాయి.

పూజకు కోసేటప్పుడు రెండు మూడు మొక్కలు ముట్టుకోకుండా వదిలేయండి. తేనెటీగలు, చిన్న సీతాకోకచిలుకలు వాటి మీదే వాలతాయి. ఎండాక కూడా పీకకండి, ఆ కుండీ మట్టి తిరగేయకండి. గింజలు అందులోనే రాలి, వచ్చే ఏడు తొలకరికి వాటంతటవే మొలుస్తాయి.