గ్యాస్ ఫైర్‌ప్లేస్‌కి చవక కొటేషన్ చాలా?

ప్రశ్న: హాల్లో గ్యాస్ ఫైర్‌ప్లేస్ పెట్టించుకుందామని మూడు కొటేషన్లు తీసుకున్నాం. పొగగొట్టం అక్కర్లేని రకం అన్నిటికన్నా చవక. పాత చిమ్నీని వాడుకునేది మధ్యస్థం. గోడకు కన్నం పెట్టి అమర్చే డైరెక్ట్ వెంట్ బాగా ఖరీదు, దానికైతే పర్సనల్ లోన్ తీసుకోవాలి. ఏది మేలు?

జవాబు: చలికాలంలో దీన్ని రోజుకు ఎన్ని గంటలు వెలిగిస్తారో మీరు రాయలేదు. లెక్కంతా అక్కడే ఉంది.

చిమ్నీ రకంలో మంట గదిలోని గాలినే పీల్చుకుంటుంది, వేడిలో పెద్ద భాగాన్ని పొగతో పాటు పైకి పంపేస్తుంది. ఆర్పేశాక కూడా గదిలోని వెచ్చదనం ఆ దారినే పోతుంటుంది. డైరెక్ట్ వెంట్‌లో గొట్టంలో గొట్టం ఉంటుంది. బయటి గొట్టంలోంచి గాలి వస్తుంది, లోపలి దాంట్లోంచి పొగ పోతుంది. ముందు అద్దం బిగించి ఉంటుంది కాబట్టి గది గాలితో దానికి పనిలేదు. మోడల్ వివరాల కాగితంలో సామర్థ్యం, అంటే గ్యాస్ వేడిలో గదికి అందేది, ఎంత శాతమో చూడండి. చిమ్నీ రకానిది 30, డైరెక్ట్ వెంట్‌ది 75 అనుకుందాం. అంతే వేడికి మొదటిది రెండున్నర రెట్లు గ్యాస్ తాగుతుంది. కొటేషన్ల మధ్య తేడాను ఒక చలికాలపు గ్యాస్ ఆదాతో భాగించండి. ఐదారు చలికాలాల్లో తిరిగొచ్చేటట్టుంటే డైరెక్ట్ వెంటే తీసుకోండి. చుట్టాలొచ్చిన రోజు సరదాకి వెలిగించేదైతే చిమ్నీ చాలు. కాకపోతే చిమ్నీ తనిఖీ, శుభ్రం చేయడం, అవసరమైతే లోపల లైనర్ (పొగ పోయే లోపలి గొట్టం) వేయడం ఆ రేటులో కలిపారో లేదో అడగండి. సాధారణంగా ఇవి పని మొదలయ్యాకే బయటపడతాయి!

ఇక చవకది. వేడి వృథా కాదన్న మాట నిజమే, కానీ మండగా వచ్చిందంతా గదిలోనే ఉండిపోతుంది. ఒక ఘనపు మీటరు సహజవాయువు మండితే సుమారు లీటరున్నర నీరు ఆవిరిగా గాలిలో కలుస్తుంది. కిటికీ అద్దాలకు చెమట పడుతుంది, గోడ మూలల్లో బూజు పడుతుంది, తర్వాత పెయింటింగ్ ఖర్చు. సరిగా మండకపోతే వాసన కూడా లేని విషవాయువు కార్బన్ మోనాక్సైడ్ చేరుతుంది. కొన్ని చోట్ల ఈ రకాన్ని అసలు అనుమతించరు. గంటల తరబడి వెలిగించే ఇంటికి నేనైతే దీన్ని చెప్పను.

లోన్ మాత్రం వద్దు. గ్యాస్‌లో మిగిలేది వడ్డీకి పోతుంది. ఎమర్జెన్సీ ఫండ్ కూడా కదపకండి. ఈ చలికాలం ఉన్నదాంతో నెట్టుకొచ్చి, నెలనెలా కొంత పక్కన పెడితే వచ్చే ఏటికి టెన్షన్ ఉండదు. ఏ రకమైనా ఏటా సర్వీసింగ్ ఖర్చు ఉంటుంది, అదీ లెక్కలో రాసుకోండి. కార్బన్ మోనాక్సైడ్ అలారం దగ్గర మాత్రం పొదుపు చూడకండి.

డైరెక్ట్ వెంట్‌కే వెళ్తే, బయట గొట్టం ఎక్కడ తేలుతుందో, దగ్గరి కిటికీకి అది ఎంత దూరమో ఇన్‌స్టాలర్‌తో కొలిపించి కొటేషన్ మీదే రాయించుకోండి. తర్వాత జరపాలంటే మళ్లీ గోడ పగలగొట్టాలి, ఆ బిల్లు మీదే అవుతుంది.